ఇంజను మొర

చార్మినారునకు కూతవేటు దూరముననున్న చౌమహల్లా ప్రాసాదమును చూడబోయినవారు అచ్చట నిలిపియుంచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు నెదుట ఒక్క క్షణమైనను ఆగక రారు. అది 1912 నాటిది. నిజాముల కొలువునకై తయారైనది. ఆ తరగతి కార్లకు ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు. వెండి దయ్యమని అర్థము. 1907లో ఆ కంపెనీవారి కారొకటి దయ్యమువలె అలికిడి లేక సాగిపోవుట చూచి పెట్టిన పేరు తరువాత ఆ తరగతి కంతకును నిలిచిపోయినది.

మన యిండ్ల ముందు నిలుచు కార్లు రాజుల కార్లు కావు గనుక వానినుండి మనము అంతటి నిశ్శబ్దమును ఆశింపము. ప్రతిదినము వినుచున్న మన కారు ధ్వని మన చెవికి అలవాటైపోయి యుండును. అట్లుండగా ఒకనాడు షాలిబండ దాటి ఫలక్‌నుమా మిట్ట యెక్కుచుండగా, యాక్సిలరేటరును కొంచెము గట్టిగా తొక్కగానే, మునుపెన్నడును వినని టకటక శబ్దము బానెట్టు క్రిందనుండి వినవచ్చును. కాలు తీయగానే అది ఆగిపోవును. చదునైన దారిలో మరల వినరాదు. షెడ్డునకు తీసికొనిపోయినచో కారు మౌనము వహించును. మెకానిక్కు మనవంకను, మనము మెకానిక్కు వంకను చూచుకొందుము. ఇట్టి అవస్థ కారున్న ప్రతి కుటుంబమునకును ఎప్పుడో యొకప్పుడు తప్పదు.

ఆ శబ్దము వేగమందుకొన్నప్పుడే ఏల పుట్టవలెను? నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకు ఒకమారు ఇంధనము మండును. అనగా నిమిషమునకు 6000 మంటలు, సెకనునకు నూరు. యాక్సిలరేటరు తొక్కుట యనగా ఈ మంటలకు ఎక్కువ గాలిని, దానికి తగిన పెట్రోలును అందించుట. అప్పుడు ప్రతి మంటయు పిస్టనును మరింత బలముగా క్రిందికి తోయును. ఆ తోపు పిస్టనునుండి కడ్డీకి, కడ్డీనుండి బేరింగునకు, అక్కడనుండి గేర్లకును చక్రములకును చేరును. పొగగొట్టములో ఒత్తిడి పెరుగును. ఇంజను తన రబ్బరు పీఠములమీద ఒక ప్రక్కకు ఒరుగును. ఖాళీ బండిని లాగు ఎద్దునకును, ధాన్యపు బస్తాలతో నిండిన బండిని లాగు ఎద్దునకును ఉన్న భేదమే యిది. ఎద్దు కాలి నొప్పి ఖాళీ బండి లాగునప్పుడు తెలియకపోవచ్చును. ఎత్తు ఎక్కునప్పుడు దాగదు. కనుక వేగమందుకొన్నప్పుడు వచ్చు చప్పుడు ఏ భాగము బరువును ఓర్వలేకున్నదో తెలుపు సాక్ష్యము. ఆ సాక్ష్యమును సరిగా వినక మునుపే ఇంజను విప్పించుట వలన డబ్బును కాలమును వ్యయమగును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

ఈ మాట మేము పుస్తకములు చూచి మాత్రమే చెప్పుటలేదు. కొన్ని యేండ్ల క్రిందట మా కారునకు ఇట్టి టకటకయే పట్టుకొన్నది. ఉదయము బయలుదేరునప్పుడు ఎక్కువగాను, ఇంజను వేడెక్కిన తరువాత తక్కువగాను వినబడెడిది. ఒక షెడ్డువారు స్పార్కు ప్లగ్గులు మార్చిరి, చప్పుడు పోలేదు. ఆయిలు మార్చిరి, పోలేదు. వాల్వులు చెడినవి, ఇంజను విప్పవలెననిరి. వారు చెప్పిన మొత్తము విని వెనుకకు వచ్చితిమి. ఆ దినములలో మా తల్లిగారు కారులో ప్రయాణము చేసినప్పుడెల్ల తలనొప్పి యనుచుండెడివారు. ఎండ తగిలినదని మేము అనుకొంటిమి.

తుదకు పాతబస్తీ సందులో చిన్న షెడ్డు నడుపుకొను ఒక వృద్ధుని కడకు పోతిమి. ఆయనను అందరును ఉస్తాద్ అనియే పిలుతురు. ఆయన కారును వెంటనే ముట్టుకొనలేదు. రాత్రి అక్కడనే వదలిపొమ్మని, తెల్లవారగానే ఇంజను చల్లగా నున్నప్పుడు మమ్ములను రమ్మనెను. మేము పోయి స్టార్టు చేసితిమి. ఆయన రెండు నిమిషములు తల వంచి వినెను. తరువాత టార్చిలైటు వేసి, పొగగొట్టము ఇంజనును కలియు చోట కాటుక రేఖవంటి నల్లని మసిచారను చూపెను. అచ్చటి గాస్కెట్టు చిట్లినది. ఒక బోల్టు విరిగినది. ప్రతి మంటకు ఒకమారు ఆ సందునుండి పొగ చిమ్ముటయే మేము విన్న టకటక. లోహము వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఆ సందు కొంత మూసికొనుట చేతనే చప్పుడు తగ్గెడిది. పిమ్మట ఆయన మమ్ము నడిగిన ప్రశ్నను ఇప్పటికిని మరువలేదు: “కారులో కూర్చున్నవారికి ఎవరికైనను తల నొచ్చుచున్నదా?”

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురు మోయవలసిన ప్రాణవాయువు స్థానమును అది ఆక్రమించును. ముందటి అద్దము దిగువనున్న జాలీగుండ కారులోనికి గాలి వచ్చును గదా, బానెట్టు క్రింద కారిన పొగ ఆ దారిననే లోపలికి చేరగలదు. తలనొప్పి, వికారము, మగత దాని తొలి గుర్తులు. అందుచేత పొగ కారుచున్నదను అనుమానము కలిగినచో కిటికీలు దించుకొని నేరుగా షెడ్డునకు పోవలెను. తలనొప్పి గాని మగత గాని తోచినచో కారు ఆపి వెలుపలికి రావలెను. మూసిన గ్యారేజీలో ఇంజనును నడుపుచు చప్పుడు పరీక్షించుట ఎన్నడును తగదు. మా కారునకు కొత్త గాస్కెట్టును, కొత్త బోల్టును వేసిన తరువాత చప్పుడును పోయినది. మా తల్లిగారి తలనొప్పియు పోయినది.

ఉస్తాద్ చేసినది గారడి కాదు. ఆయన మొదట విని, తరువాత చూచి, ఆ పిమ్మట విప్పెను. ఈ వరుసను మనమును కొంతవరకు పాటింపవచ్చును. అందుకు మూడు ప్రశ్నలు చాలును.

మొదటి ప్రశ్న: చప్పుడు ఇంజను తిరుగుడును అనుసరించుచున్నదా? కారును చదునైన బహిరంగ స్థలమున నిలిపి, చేతి బ్రేకు వేసి, గేరు తీసి, యాక్సిలరేటరును మెల్లగా తొక్కవలెను. నిలిచియున్నప్పుడును ఆ చప్పుడే వచ్చినచో దోషము ఇంజనులోనో, దానికి తగిలించిన బెల్టు, డైనమో, పంపు మొదలగు వానిలోనో కలదు. రెండవ ప్రశ్న: చప్పుడు కారు వేగమును అనుసరించుచున్నదా? రద్దీ లేని చదును బాటలో క్షణకాలము క్లచ్చి తొక్కినను ఆ హోరు అట్లే సాగుచున్నచో అది ఇంజనుది కాదు. చక్రపు బేరింగుదో, టైరుదో. మలుపు తిరుగునప్పుడు మాత్రమే కటకట మన్నచో చక్రములకు శక్తి నందించు ఇరుసు కీలును అనుమానింపవలెను. మూడవ ప్రశ్న: బరువును అనుసరించుచున్నదా? ఎత్తు ఎక్కునప్పుడు, ఐదుగురు కూర్చున్నప్పుడు, ఏసీ వేసినప్పుడు మాత్రమే వచ్చినచో ఇంధనము మండు తీరు, పొగగొట్టము, ఇంజను పీఠములు అను మూడింటిని మొదట చూడవలెను.

ఈ పరీక్షలకు మదీనా కూడలి రద్దీ పనికిరాదు. వేకువ జామున ఒకరు నడుపగా మరియొకరు వినవలెను. పొడవైన ప్రహరీగోడ ప్రక్కగా కిటికీలు దించి మెల్లగా పోయినచో గోడ ఆ చప్పుడును మనకు మరల వినిపించును. రేడియో ఆపుట మరువరాదు.

అయితే రేడియోయే సాక్ష్యమిచ్చు సందర్భమొకటి కలదు. కారు రేడియోలో మీడియం వేవు కేంద్రమును పెట్టినప్పుడు, ఇంజను వేగము పెరిగినకొలది చిటపట ధ్వని కూడ వేగముగా వచ్చుచున్నచో, స్పార్కు ప్లగ్గులకు గాని వానికి విద్యుత్తు నందించు తీగలకు గాని దెబ్బ తగిలినదేమో చూడవలెను. విద్యుత్తు తన దారిని తప్పి బయటకు దూకినప్పుడెల్ల రేడియో తరంగములను పుట్టించును. చిటపటకు బదులు సన్నని యీల వంటి ధ్వని ఇంజనుతోపాటు హెచ్చుచున్నచో, దానికి కారణము తరచుగా బ్యాటరీని నింపు యంత్రమో, రేడియో తీగల అమరికయో యై యుండును. ఈ ధ్వనులు రేడియో ఆపగానే ఆగును. నిజమైన ఇంజను చప్పుడు ఆగదు.

ఇక వేగమందుకొన్నప్పుడు తరచుగా వినవచ్చు చప్పుళ్లలో తేలికైనవానిని ముందు చెప్పుకొందము. వాన వెలిసిన ఉదయమున కీచుమని మొదలై కొంతసేపటికి అణగు ధ్వని బెల్టుది. బెల్టు వదులైనను, అరిగి మెరుగెక్కినను, దానిని నడిపించు చక్రములు ఒక వరుసలో లేకున్నను జారి అరచును. మార్చుటకు వ్యయము స్వల్పము. తెగినచో మాత్రము బ్యాటరీ నిండదు, కొన్ని కార్లలో నీటి పంపు ఆగి ఇంజను కాగిపోవును. ఒక నిర్ణీత వేగముననే జుయ్యిమని రేకు అదరినట్లుండు ధ్వని, సైలెన్సరునకు వేడి తగులకుండ కప్పిన రేకుది. మన వీధుల గుంతలకును స్పీడు బ్రేకర్లకును దాని బిగింపులు వదులగుట సహజము. ఒక పట్టీతో కుదురును. గేరు వేసి కదలునప్పుడు ధబ్బుమని ఒక్క దెబ్బ వినబడినచో ఇంజను క్రింది రబ్బరు పీఠము చిరిగినదని ఊహింపవచ్చును. ఉస్సుమను గాలి ధ్వనితోపాటు కారు బలము తగ్గినచో గాలి గొట్టము ఎక్కడనో వదులైనది; టర్బో కల ఇంజన్లలో ఇది మరింత స్పష్టముగా తెలియును.

ఎక్కువ శ్రద్ధ చూపవలసినది మరియొక ధ్వని. లాడ్‌బజారులో గాజుల మలారమును కుదిపినట్లు సన్నని లోహపు గలగల యది. ఎత్తు మీదను, ఎక్కువ గేరులో తక్కువ వేగమున పోవుచు యాక్సిలరేటరు తొక్కినప్పుడును వినవచ్చును. దీనిని మెకానిక్కులు ‘నాకింగ్’ అందురు. సిలిండరులో మంట స్పార్కు ప్లగ్గు వద్ద మొదలై అంచెలంచెలుగా వ్యాపింపవలెను. వేడియు ఒత్తిడియు మితిమీరినచో, మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము తనంతట తానే ఒక్కసారిగా అంటుకొనును. ఆ అదురు సిలిండరు గోడలను తాకుటయే గలగల. చాలకాలము ఉపేక్షించినచో పిస్టను తల కరగుట, రింగులు విరుగుట జరుగును.

పెట్రోలునకు ఈ దోషమును తట్టుకొను శక్తి ఎంతయో తెలుపునదే ఆక్టేను సంఖ్య. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపినచో నాకింగ్ తగ్గునని కనుగొనెను. గలగల తగ్గినది గాని గాలిలో సీసపు విషము చేరినది. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము 2000 సంవత్సరమున ఆగినది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 ప్రమాణములు వచ్చిన తరువాత సాధారణ పెట్రోలునకు కనీస ఆక్టేను సంఖ్య 91గా నుండెను. పెట్రోలులో కలుపు ఇథనాలు పాలు 2025 నాటికి నూటికి ఇరువదికి చేరినది. ఇథనాలునకు నాకింగ్‌ను తట్టుకొను గుణము అధికము. కాని పాత కార్ల రబ్బరు గొట్టములన్నియు దానికొరకు చేసినవి కావు. కావున మీ కారు ఏ పెట్రోలునకు తగినదో యజమాని పుస్తకములో చూచుకొనుట మంచిది.

నాకింగ్‌నకు మందు ముందుగా మన కాలిలోనే కలదు. అఫ్జల్‌గంజ్ నుండి నయాపూల్ దాటువరకు రద్దీలో పాకుచు, పెట్రోలు ఆదా యగునని మూడవ గేరులోనే ఇంజనును మూలిగించువారిని మనము చూచుచుందుము. గేరు తగ్గించినచో ఇంజను తేలికగా తిరిగి, గలగల చాల సందర్భములలో అప్పటికప్పుడే ఆగును. ఆగనిచో రేడియేటరులో చల్లదనపు ద్రవము ఉన్నదా, వేడి చూపు ముల్లు పైకి పోవుచున్నదా, స్పార్కు ప్లగ్గులు ఆ ఇంజనునకు నిర్దేశించినవేనా యని చూడవలెను. సిలిండరులో పేరుకొనిన మసియు కారణము కావచ్చును. నేటి ఇంజన్లలో ఈ ధ్వనిని పసిగట్టు సెన్సారు ఉండి, మంట వేళను వెనుకకు జరిపి ఇంజనును కాపాడును. అప్పుడు గలగల తగ్గినను బలము తగ్గును. హెచ్చరిక దీపము వెలిగినచో కంప్యూటరు పరికరముతో సంకేతమును చదివింపవచ్చును. కాని ఆ సంకేతము ఏ వైపు వెదకవలెనో చెప్పునే గాని, ఏ వస్తువు కొనవలెనో చెప్పదు.

వినగానే ఆగవలసిన చప్పుడు మరియొకటి. సన్నని గలగల కాదు, లోతైన దడదడ. యాక్సిలరేటరు తొక్కి వదలునప్పుడు మరింత బలముగా వినబడును. అది పిస్టను కడ్డీ బేరింగు అరిగినదనుటకు గుర్తు. బేరింగునకును ఇరుసునకును నడుమ పలుచని ఆయిలు పొర యొక్కటే అడ్డము; ఆయిలు తగ్గినచో లోహము లోహమును కొట్టుకొనును. ఎఱ్ఱని ఆయిలు దీపము వెలిగినను, ఈ దడదడ వినబడినను, ఇంటికి రెండు మైళ్లే గదా యని పోరాదు. అక్కడనే ఇంజను ఆపి, ఆయిలు పుల్ల తీసి చూచి, కారును మోయించి తీసికొనిపోవలెను. ఆ రెండు మైళ్లలో బేరింగుతో పోవలసిన వ్యయము మొత్తము ఇంజనునకు చేరవచ్చును.

ఈ సందర్భమున పాతబస్తీ మరువలేని వానను గూర్చి చెప్పవలెను. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు ఫలక్‌నుమా ప్రాంతపు అల్ జుబైల్ కాలనీ మొదలగు పల్లపు బస్తీలు మునిగినవి. ఆ వారములోనే గుఱ్ఱం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ జలమయమైనది. ప్రాణములును ఇండ్లును పోయిన ఆ విపత్తులో వాహనముల మాట చిన్నదే. అయినను అట్టి వరదలో మునిగిన కారు విషయమున తెలిసికొనవలసినదొకటి యున్నది. నీరు దిగగానే కారు బాగున్నదా యని తాళము తిప్పి చూడబుద్ధి పుట్టుట సహజము. కాని సిలిండరులోని గాలిని పిస్టను సుమారు పదవ వంతునకు నొక్కగలదు. నీటిని మాత్రము నొక్కలేదు. అందుచేత పైకి వచ్చు పిస్టను నీటికి తగిలి ఆగును. ఇనుప కడ్డీ వంగును. ఒక్కొక్కప్పుడు కొద్దిగా వంగిన కడ్డీతోనే ఇంజను నడచి, కొన్ని వారములకు ఎత్తు ఎక్కునప్పుడు టకటకమనుట మొదలిడును. అప్పటికి వరద సంగతి యెవరికిని తట్టదు. నీటమునిగిన కారును స్టార్టు చేయరాదు. బ్యాటరీ తీగ విప్పించి, స్పార్కు ప్లగ్గులు తీయించి, సిలిండర్ల నీరు బయటకు పంపి, ఆయిలు మార్చిన పిమ్మటనే నడుపవలెను. నీటిలో స్టార్టు చేయుటచే ఇంజను చెడినచో సాధారణ బీమా పాలసీ ఆ నష్టమును భరింపకపోవచ్చును. ఇంజను రక్షణకు వేరుగా రుసుము చెల్లించు ఏర్పాటు కలదేమో వానకాలమునకు ముందే చూచుకొనవలెను.

ఇంటివద్ద బానెట్టు తెరచి వినువారికి ఒక హెచ్చరిక. చీర కొంగు, కండువా, వ్రేలాడు జుట్టు, చేతి గాజులు తిరుగు బెల్టునకు దూరముగా నుండవలెను. నేటి కార్లలో రేడియేటరు పంకా, ఇంజను ఆపిన తరువాత కూడ తనంతట తానే తిరుగును. కాగుచున్న రేడియేటరు మూతను విప్పరాదు.

షెడ్డునకు పోవునప్పుడు ‘ఏదో చప్పుడు వచ్చుచున్నది’ అని మాత్రమే చెప్పక, ఎప్పుడు వచ్చినది, చలికా వేడికా, ఏ గేరులో, ఎత్తులోనా చదునులోనా, ఇటీవల పెట్రోలు గాని ఆయిలు గాని ఎక్కడ పోయించితిమి, నీటిలో పోయితిమా యను సంగతులను ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. వెంటవచ్చినవారు చప్పుడును ఫోనులో పట్టి యుంచవచ్చును. మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చప్పుడు వచ్చిన మిట్టనే మరల ఎక్కవలెను. ఒకసారి ఒక్క భాగమునే మార్పించి, ఫలితము చూచి, తరువాతి దానికి పోవలెను. తీసిన పాత భాగమును చూపుమని అడుగుట అనుమానము కాదు. అది మనకు పాఠము.

మా కారులో విరిగిన ఆ బోల్టును ఉస్తాద్ మా చేతిలో పెట్టెను. బొటనవ్రేలంత లేదు. దానిని మేము ఇప్పటికిని మేజా సొరుగులో ఉంచుకొనియున్నాము. కారులో క్రొత్త చప్పుడు వినవచ్చినప్పుడెల్ల, మొదట దానిని తలచుకొని, కిటికీ దించి, రేడియో ఆపి వినుచుందుము.